రెండో కుర్చీ

ముందు గదిలో నాలుగు కుర్చీలున్నాయి. మూడింటికి ఒక చోటంటూ లేదు, ఎవరు ఎటు లాగితే అటు పోతాయి. నాలుగోది వెడల్పాటి చేతులున్న పేము కుర్చీ. అది అత్తగారిది. దాన్ని ఎవరూ కదపరు, అందులో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే ఆవిడ ఏమీ అనదు, ఊరికే చూస్తుంది. ఆ చూపు భరించడం కంటే నేల మీద కూర్చోవడం నయమని ఇంటిల్లిపాదికీ ఎప్పుడో తెలిసిపోయింది.

ఆవిడ ఏళ్ల తరబడి బడిపిల్లల యూనిఫారాలు కుట్టింది. కాలితో తొక్కే మిషను మీద కుట్టీ కుట్టీ ఆ పక్క వీధుల్లో సగం మంది పిల్లల్ని పెద్దవాళ్లను చేసింది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కుడి మోకాలు మాత్రం అరిగిపోయింది. ఆ సంగతి ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియకుండా దాచడమే ఈ మధ్య ఆవిడకు పెద్ద ఉద్యోగమైంది.

దాచడం అందరి దగ్గరా ఒక ఎత్తు, కోడలి దగ్గర ఒక ఎత్తు. కోడలు కృత్రిమ కాళ్లు, కాలికి తొడిగే పట్టీలు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేస్తుంది. గుమ్మంలోంచి మనిషి లోపలికి వచ్చేలోపు ఏ కాలు నొప్పో, ఏ చెప్పు ఎటు అరిగిందో చెప్పేస్తుంది. కాకపోతే పైకి చెప్పదు. ఆ వర్క్‌షాపులో చేరినరోజే నేర్పే నియమం ఒకటుంది: ఎదుటి మనిషి తానై అడిగేదాకా అతని నడక గురించి నోరెత్తకూడదు. కుంటివాడికి తాను కుంటుతున్నానని ఇంకొకరు చెప్పక్కర్లేదు గదా!

అసలు సంగతి ఇది. వర్క్‌షాపు యజమాని ఒక మనిషిని ఆర్నెల్లు జర్మనీకి శిక్షణకు పంపుతానన్నాడు. అక్కడ మోకాలికి తేలికపాటి పట్టీలు చేస్తారట. వేసుకున్నట్టే ఉండదట, బరువంతా అదే మోస్తుందట. పోయిన ఏడాదే కోడలికి ఆ అవకాశం వచ్చింది. సరిగ్గా అప్పుడే మామగారికి కంటి ఆపరేషన్ పడింది. "వచ్చే ఏడాది చూద్దాంలెండి" అని ఆ పిల్ల నవ్వుతూ వదిలేసుకుంది. ఆ నవ్వు అత్తగారికి ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. ఈసారి కూడా కాదంటే ఇంకొకరిని పంపుతానని యజమాని తేల్చి చెప్పాడు. ఇప్పుడు తన మోకాలి సంగతి తెలిస్తే కోడలు మళ్లీ అదే నవ్వు నవ్వుతుంది. అందుకే అత్తగారు పళ్లబిగువున ఉంది.

కోడలు ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ కుర్చీలోంచి లేవదు. "అమ్మాయ్, ఆ గ్లాసు ఇలా అందుకో" అంటుంది. "ఒరేయ్, ఆ ఫ్యాను కట్టు" అంటుంది. ఎదురు వీధిలో జిరాక్సు కొట్టు నడిపే కూతురు ఒకటుంది. వచ్చిందంటే తలుపులు కొట్టుకుంటాయి గనక దాన్ని అందరూ గాలివాన అంటారు. అది వచ్చినప్పుడల్లా "అమ్మ రిటైరయ్యాక మహారాణి అయిపోయింది" అని ఎత్తిపొడిచేది. పొడిస్తే పొడిచింది. కాళ్లు లేనిదానిగా కంటే ఒళ్లు బరువైనదానిగా బతకడమే అత్తగారికి ఇష్టం.

ఇక కోడలి బాధ కోడలిది. అక్కడికి వెళ్లాలంటే జర్మన్ పరీక్ష పాసవ్వాలి. అందులో రాయడం గట్టెక్కింది, మాట్లాడే దాంట్లో పోయింది, దానికి మళ్లీ కూర్చోవాలి. మనం మాట్లాడేటప్పుడు ఎవరు, ఎవరిని, ఎప్పుడు, ఎందుకు అన్నీ తాపీగా చెప్పుకుని చివర్లో పనిమాట, అంటే క్రియ, చెబుతాం. జర్మన్‌వాళ్లు అంతసేపు ఆగరు. వాక్యంలో రెండో చోటే పనిమాట పడిపోవాలి. మిగతా మాటలు ముందు వెనకలు మారినా అది మాత్రం అక్కడే ఉండాలి. కోడలికి కాగితం మీద ఇదంతా కంఠతా వచ్చు. నోరు తెరిస్తే మాత్రం తెలుగు బుద్ధి పోనిచ్చుకోక పనిమాట చివరికి జారిపోయేది.

ఒక ఆదివారం పొద్దున ఆ పిల్ల వంటింట్లో గిన్నెలతో జర్మన్‌లో మాట్లాడుతూ, మధ్యలో తెలుగులో తనను తాను తిట్టుకుంటుంటే మామగారు విన్నాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. శాలువా లేనిదే ఎండలోకి కూడా వెళ్లడు.

"ఏంటమ్మా గొడవ?" అన్నాడు.

కోడలు చెప్పింది.

"ఓస్, అంతేనా! ఇది భాష గొడవ కాదమ్మా, సీట్ల గొడవ. నా జీవితమంతా చేసింది అదే కదా. రండి రండి, అందరూ ముందుకి జరగండి!"

పేము కుర్చీకి అటొకటి, ఇటు రెండు కుర్చీలు వరసగా వేశాడు. పేము కుర్చీ రెండోదైంది. కోడలికి భర్త, అంటే ఆ ఇంటి అబ్బాయి, లిఫ్టు మెకానిక్. అతను పని చేసేవాడు, కర్త. మామగారు ఆ పని ఎవరి మీద పడుతుందో ఆ మనిషి, కర్మ.

"నేను కర్మనా? పెళ్లయిన రోజు నుంచీ అదే కదమ్మా, కొత్తగా చెప్తావేం" అన్నాడాయన.

"కర్మ ముందున్న చిన్నమాట జర్మన్‌లో మారుతుంది మామయ్యా, 'డేర్' కాస్తా 'డేన్' అవుతుంది. మీ శాలువానే ఆ మార్పు అనుకుందాం. శాలువా ఉన్నాయన ఎక్కడ కూర్చున్నా కర్మే."

"అంటే మొదటి సీట్లో కూర్చున్నా నేను పెద్దమనిషిని కాదన్నమాట."

"ఆ సంగతి జర్మన్‌వాళ్లకీ తెలిసిపోయిందా" అంది అత్తగారు.

గాలివానకు 'ఇవాళ' అనే మాట ఇచ్చారు. అది ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి ముందు కూర్చుంటుంది గనక సరిగ్గా సరిపోయింది. ఇక పనిమాట ఎవరన్న ప్రశ్న వచ్చింది. అత్తగారు ఎవరినీ నోరెత్తనివ్వలేదు. "కదలకుండా ఉండేది ఏదో అది నాకివ్వండి" అంది.

అలా ఆవిడ 'రూఫ్ట్' అయింది. పిలుస్తాడు అని అర్థం. డేర్ మెకానికర్ రూఫ్ట్ డేన్ షాఫ్నర్. మెకానిక్ కండక్టర్ని పిలుస్తాడు. అబ్బాయి, మామగారు చోట్లు మార్చుకుంటే డేన్ షాఫ్నర్ రూఫ్ట్ డేర్ మెకానికర్. మామగారు మొదటి సీట్లో దర్జాగా కూర్చున్నా శాలువా పట్టిచ్చేస్తుంది, పిలిచేవాడు మెకానిక్కే. గాలివాన దూసుకొచ్చి మొదట కూర్చుంటే ఆ తోపులాటలో అబ్బాయి అత్తగారికి అవతలి పక్కకు వెళ్లిపడతాడు. హోయ్‌టె రూఫ్ట్ డేర్ మెకానికర్ డేన్ షాఫ్నర్. ఎవరు ఎటు ఉరికినా అత్తగారు మాత్రం మధ్యలో కొండలా కూర్చుని, తన వంతు రాగానే "రూఫ్ట్!" అని వీధి చివరకు వినబడేలా అరిచేది.

"మరి ఆడవాళ్లు కర్మ అయితే శాలువా ఎవరిస్తారు?" అని ఒకరోజు అడిగింది ఆవిడ.

"ఆడవాళ్ల మాట మారదు అత్తయ్యా. కర్త అయినా కర్మ అయినా అదే."

"ఏ దేశమైనా అంతే. ఆడదానికి ఒకటే చీర, వంటా అందులోనే, పెళ్లీ అందులోనే."

ఆట మొదలైన రెండో రోజో మూడో రోజో కోడలు వర్క్‌షాపు నుంచి మందపాటి నల్ల రబ్బరు బిళ్లలు తెచ్చి పేము కుర్చీ కాళ్లకు తొడిగింది. నేల గీసుకుపోతోందంది. అత్తగారు ఆ సంగతి పట్టించుకోలేదు. అప్పటి నుంచి కుర్చీలోంచి లేవడం కాస్త తేలికైందని మాత్రం గమనించి, రహస్యంగా రాసుకుంటున్న తైలం పనిచేస్తోందని మురిసిపోయింది. ఇంకో సీసా తెప్పించుకుంది కూడా.

సాయంత్రాలు అలా గడిచాయి. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు ఎన్నడూ లేదు. కోడలి నోటి వెంట వాక్యాలు కుళాయి తిప్పినట్టు రాసాగాయి. తడుముకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల కళ్లు రెండో కుర్చీ వైపు వెళ్లేవి. అత్తగారి ముఖం కనబడగానే పనిమాట దొరికేది. తన ముఖం చూసి ఒకరికి మాట వస్తోందంటే ఏ అత్తకు గర్వంగా ఉండదు? పిల్లలిద్దరికీ ఆవిడ చదువు చెప్పింది లేదు. ఈ వయసులో, కూర్చున్న చోటి నుంచి, కోడలికి జర్మన్ నేర్పింది.

చిక్కంతా 'వైల్' దగ్గర వచ్చింది. ఎందుకంటే అని అర్థం. దాంతో మొదలైన వాక్యంలో పనిమాట రెండో చోట ఉండదు, లేచి చివరికి పోతుంది. అచ్చం మన మాటలాగే.

"ఇవాళ నుంచి నేను 'వైల్'ని" అని గాలివాన మొదటి కుర్చీలో కూర్చుంది. "అమ్మా, లే. నువ్వు చివరికి పోవాలి. రెండో దాంట్లో తమ్ముడు, మూడో దాంట్లో నాన్న."

అత్తగారి గుండెల్లో రాయి పడింది. పైకి మాత్రం గడ్డం ఎత్తింది. "నేను లేవను. నా కుర్చీ నేనివ్వను. నా వంతు వచ్చినప్పుడు ఇక్కడినుంచే అరుస్తాలే."

"అమ్మా, రూలు అది కాదు."

"జర్మన్‌వాళ్ల రూలు జర్మన్‌వాళ్ల ఇంట్లో. ఇది నా ఇల్లు."

"ఆ సీటు రిజర్వుడమ్మా, వదిలెయ్" అన్నాడు మామగారు రాజీకి. అబ్బాయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, అత్తగారు ఉన్నచోటే ఉండి చివర్లో "రూఫ్ట్!" అని అరిచింది. కోడలు ఒక్క మాట అనలేదు. 'ఎందుకంటే' వాక్యాలన్నీ ఇలాగే చదివారు.

పరీక్ష వారంలో ఉందనగా కోడలు ట్యూషన్ నుంచి వాలిపోయిన ముఖంతో వచ్చింది. మాస్టారు ఉత్తుత్తి పరీక్ష పెట్టాడట. మామూలు వాక్యాలన్నీ బంగారం. 'వైల్' వాక్యాలు ఒక్కటీ నిలవలేదు. "మన భాషవాళ్లకి తేలిగ్గా వచ్చేదే అక్కడ కదమ్మా! అదెలా పోగొట్టుకున్నావ్?" అని మాస్టారు తల పట్టుకున్నాడట.

"ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె" అంది కోడలు నవ్వబోయి, నవ్వలేక. "వాక్యం ఎత్తుకోగానే కళ్ల ముందు కుర్చీలు కనిపిస్తాయి. చివరి కుర్చీలో ఎవరూ ఉండరు. అత్తయ్య రెండో దాంట్లోనే ఉంటారు. ఆవిణ్ణి లేపడం నావల్ల కావట్లేదు."

ఆ మాట ఆ పిల్ల భర్తతో వంటింట్లో అంది. ముందు గదిలో లుంగీకి అంచు కుడుతున్న అత్తగారికి వినబడింది. సూది వేలికి గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి ఆవిడ కుర్చీలన్నీ వరసగా వేసుకుంది. రెండో దాంట్లోంచి లేచి నాలుగో దాని దాకా కుంటకుండా నడవడం ఎలాగో చూసుకుంది. మెల్లిగా నడిచింది, కుంటింది. చకచకా నడిచింది, ఇంకా కుంటింది. పాట పాడుతూ నడిస్తే ఎవరూ కాళ్లు చూడరేమోనని అదీ ప్రయత్నించింది. గోడకున్న అద్దంలో తన నడక తానే చూసుకుని, సగంలో ఆగి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. లేస్తే కోడలికి తెలిసిపోతుంది, తెలిస్తే వెళ్లదు. లేవకపోతే పరీక్ష పోతుంది, అప్పుడూ వెళ్లదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ దేవుడికి మొక్కినా మోకాలు వంగాలి, అదీ వంగదు.

చాలాసేపు ఆలోచించాక ఆవిడకు ఒకటి తోచింది. పరీక్ష పోతే అది తనవల్ల పోయినట్టు. తెలిసి వెళ్లడం మానేస్తే కనీసం పోట్లాడవచ్చు. పోట్లాటలో తనను గెలిచినవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు.

సాయంత్రం అందరూ చేరారు. గాలివాన "వైల్" అంటూ మొదటి కుర్చీలో పడింది. అబ్బాయి మామూలుగా గోడ వైపు నడవబోయాడు.

"ఇలా రా, ఇక్కడ కూర్చో" అంది అత్తగారు పేము కుర్చీ చేతిని తడుతూ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ కుర్చీ చేతుల మీద రెండు అరచేతులూ ఆనించి, ఊపిరి బిగబట్టి లేచింది. మోకాలు టక్కుమంది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది. ఒక అడుగు వేసింది, ఒళ్లంతా పక్కకు ఒరిగింది. కొడుకు చెయ్యి చాపబోతే వాడి వంక ఒక చూపు చూసింది, చెయ్యి వెనక్కి పోయింది. ముందుకి జరగండి అంటూ ఎప్పుడూ కేకలేసే మామగారు శాలువా కొస నోట్లో పెట్టుకుని నిలబడిపోయాడు. ఆయనకు కంటి ఆపరేషనైంది గనక ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. అత్తగారు చివరి కుర్చీ దాకా వెళ్లి, దభాలున కూర్చుని, చెమట తుడుచుకుని "రూఫ్ట్" అంది. ఈసారి అరవలేదు.

కోడలు ఆవిడ కాళ్ల వంక చూడలేదు. మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ముఖాన్నే చూసింది. "వైల్ డేర్ మెకానికర్ డేన్ షాఫ్నర్ రూఫ్ట్" అంది, తడుముకోకుండా. తర్వాత ఇంకో పది వాక్యాలు అంది. అన్నింట్లోనూ పనిమాట బుద్ధిగా చివర్లోకి వెళ్లి కూర్చుంది.

"చాలు అత్తయ్యా. ఇక మర్చిపోను" అంది.

అంతే. ఇంకేమీ అనలేదు. గాలివాన "అమ్మా, నీ కాలూ..." అని మొదలుపెట్టబోతే కోడలు దాని చెయ్యి నొక్కి టీ పెడదాం పదమని లోపలికి తీసుకుపోయింది. అత్తగారు పోట్లాటకు మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. నువ్వు వెళ్లకపోతే నేను అన్నం ముట్టనని చెప్పాలి. నా కాలు నా ఇష్టమని చెప్పాలి. ఎవరూ పోట్లాటకు రాలేదు. వెళ్లనన్న మాట ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆవిడకు ముందు హాయిగా అనిపించింది, తర్వాత తిక్కగా అనిపించింది. కళ్లారా చూసి కూడా 'ఏమైంది అత్తయ్యా' అని ఒక్క మాట అడగదా? ఎవరెవరి కాళ్లో కొలిచే పిల్లకు ఇంట్లో కాలు కంటికి ఆనలేదా? తాను దాచినదాన్ని ఎదుటివాళ్లు అడగలేదని అలగడం న్యాయం కాదని ఆవిడకు తెలుసు. తెలిసే అలిగింది.

పరీక్ష రోజు కోడలు పొద్దున్నే వెళ్లింది. అత్తగారు రెండో కుర్చీలో కూర్చుని గుమ్మం వంకే చూస్తూ గడిపింది. సాయంత్రం టీ వేళకు తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల ముఖం చూస్తే చాలు, ఫలితం అడగక్కర్లేదు. మామగారు "రైట్ రైట్!" అని అరిచి గోడ మీద రెండు దెబ్బలు వేశాడు. కొడుకు భార్య చేతిలోంచి సంచి అందుకుని, అది ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే తిరిగాడు.

"ఏం అడిగారు?" అంది అత్తగారు. గొంతులో అలక ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"అన్నీ అయ్యాక ఆఖర్న ఒకటి అడిగారు. నువ్వు మా దేశానికి ఎందుకు రావాలనుకుంటున్నావ్ అని."

"ఏం చెప్పావ్?"

"చెప్పను, చూపిస్తా. అందరూ లేవండి. మీరు కూడా అత్తయ్యా. మెల్లిగా."

గాలివాన మొదటి కుర్చీలో 'వైల్' అయి కూర్చుంది. కోడలు భర్తను తీసుకెళ్లి చివరి కుర్చీలో పడేసింది. "నువ్వు పనిమాటవి. 'నడుస్తుంటే చూడాలనుకుంటున్నాను.' నోరు మూసుకుని కూర్చో." తర్వాత మామగారి భుజం మీది శాలువా తీసుకుని, అత్తగారిని మూడో కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా ఆవిడకు కప్పింది.

"ఆడవాళ్లకి శాలువా లేదన్నావుగా?" అంది అత్తగారు.

"లేదు. అయినా కప్పుతున్నా. ఇంక 'నేను' అన్న మాట మిగిలింది. కర్తని నేనే." అని వెళ్లి పేము కుర్చీలో కూర్చుంది. అత్తగారి కుర్చీలో, అడగకుండా, వెనక్కి జారగిలబడి.

అత్తగారు అలవాటు కొద్దీ చూసింది. ఆ చూపు కోడలి ముఖం మీది నుంచి కిందికి జారి కాళ్ల దగ్గర ఆగిపోయింది. కోడలి పాదాలు నేలకు ఆనడం లేదు. గాల్లో చిన్నపిల్ల కాళ్లలా ఊగుతున్నాయి. జీవితమంతా మనుషుల కొలతలు తీసిన కళ్లు అవి, మోసపోవు. తన ఎత్తూ, కోడలి ఎత్తూ ఆవిడకు వేలి కొలతతో సహా తెలుసు. ఈ కుర్చీలో ఆ పిల్ల పాదాలు ఆనకపోవడానికి వీల్లేదు.

"ఈ కుర్చీ ఇంత ఎత్తు ఎప్పుడైంది?"

కోడలు కాలి మడమతో నల్ల రబ్బరు బిళ్లను తట్టింది. "వీటిని తొడిగినప్పుడు. ఎత్తు తక్కువ కుర్చీలోంచి లేవడం మోకాలికి కష్టం కదా. మొదటి రోజే, కదలకుండా ఉండేది నాకివ్వండి అన్నారు చూడండి, అప్పటికే నాకు తెలుసు. అంతకుముందు నుంచే తెలుసు."

"తెలిస్తే అడగవా?"

"అడిగితే మీరు నాకేంటే అని మేడ మెట్లెక్కి దిగి చూపించేవారు. మీ సంగతి నాకు తెలీదా? మీరు చెప్పేదాకా ఆగుదామనుకున్నా. 'వైల్' వాక్యాలు పోతున్నా ఆగుదామనే అనుకున్నా. మీరు లేస్తారనుకోలేదు."

"మరి తెలిసీ వెళ్తున్నావా?" అంది అత్తగారు. అడగాలనుకున్నది అది కాదు, కానీ నోటికి అదే వచ్చింది.

కోడలు ఒక్కొక్క కుర్చీనీ చూపిస్తూ చెప్పింది. "వైల్. ఇష్. మైనె ష్వీగర్‌ముటర్. గేన్ జేన్ విల్." తర్వాత మన భాషలో, అదే వరసలో, ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా చెప్పింది. "ఎందుకంటే. నేను. మా అత్తయ్యని. నడుస్తుంటే చూడాలనుకుంటున్నాను."

మామగారు శాలువా లేక వణుకుతున్నట్టు నటిస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

అత్తగారు శాలువా అంచు వేళ్లతో తడిమి చూసింది. అంచు ఊడిపోతోంది, రేపు కుట్టాలి. కోడలు తనను వదిలేసి వెళ్లదేమోనని ఇన్నాళ్లూ భయపడింది. తనకోసమే వెళ్తోందన్న సంగతి ఆవిడ లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. ఇంత ప్రేమను ఎలా తీసుకోవాలో ఆవిడకు చేతకాలేదు. పెట్టడమే అలవాటు గానీ తీసుకోవడం అలవాటు లేదు.

"టీ చల్లారిపోతోంది" అంది చివరికి. లేవడానికి కుర్చీ చేతుల కోసం తడుముకుంది. మూడో కుర్చీకి చేతులు లేవు. కొడుకు లేవబోయి, మొన్నటి చూపు గుర్తొచ్చి ఆగిపోయాడు.

అత్తగారు కోడలి వైపు తిరిగింది.

"ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు" అంది.